జంతు అవశేషాలు – ఆదిమ జీవనాధారం: ఉత్తర అమెరికా ఆర్కాయిక్ నదీలోయ నివాసాల పరిశీలన

ప్రస్తావన

లిపి లేని సమాజాల చరిత్రకు వారు పారవేసిన వస్తువులే ముఖ్యాధారాలు. తిని విసిరిన ఎముక, పగలగొట్టిన కాయ పెంకు, పొయ్యిలో మిగిలిన బొగ్గు, గుట్టగా పోసిన ఆల్చిప్పలు శాసనాల వంటివి కావు. రాజు ఘనతను చాటడానికో, దానాన్ని నమోదు చేయడానికో పుట్టినవి కావు. ఎవరినీ ఒప్పించే ఉద్దేశం లేకుండా మిగిలిపోయినవి కనుక వాటి సాక్ష్యానికి ఒక ప్రత్యేకమైన విలువ ఉంది. అయితే ఆ సాక్ష్యం మూడు వడపోతలను దాటి పరిశోధకుడిని చేరుతుంది. తిన్నవారు ఏది ఎక్కడ పారవేశారన్నది మొదటిది. మట్టి దేనిని నిలిపి దేనిని కరిగించిందన్నది రెండవది. తవ్వినవారు ఏది ఏరి ఏది వదిలారన్నది మూడవది. మొదటి రెండింటిపై పరిశోధకుడికి అధికారం లేదు. మూడవది మాత్రం పూర్తిగా అతని చేతిలోనిదే.

ఉత్తర అమెరికా తూర్పు భాగంలోని నదీలోయల్లో బయటపడిన ఆర్కాయిక్ దశ నివాసాల అధ్యయన చరిత్ర ఈ మూడవ వడపోత ప్రాధాన్యాన్ని స్పష్టంగా నిరూపిస్తుంది. ఆ ప్రజలను ఒకప్పుడు జింకల వేటగాళ్లుగాను, మరికొన్ని చోట్ల ఆల్చిప్పలతో కడుపు నింపుకొన్నవారుగాను వర్ణించారు. ఈ రెండు చిత్రాలకూ ప్రాచీనుల భోజనం ఎంత కారణమో, తవ్వకపు పద్ధతి కూడా అంతే కారణమని నిరూపించడం, సన్నని అవశేషాలు చేరిన తరువాత వారి జీవనాధారం ఎలా కనిపించిందో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం. ఇందుకు గ్రీన్ నది, ఇల్లినాయి నది, మిసిసిపీ నది లోయల్లోని నివాసాలను ప్రధానంగా పరిశీలించడం జరిగింది.

ఆర్కాయిక్ దశ: కాలం, భావన

న్యూయార్క్ రాష్ట్రంలోని లమోకా సరస్సు వద్ద తవ్విన విలియం రిచీ 1932లో ఆర్కాయిక్ అనే మాటను పురావస్తు పరిభాషలోకి తెచ్చాడు. కుండలు, వ్యవసాయం లేని వేట–సేకరణ సంస్కృతిని సూచించడానికి ఆయన దానిని వాడాడు. గోర్డన్ విల్లీ, ఫిలిప్ ఫిలిప్స్ 1958లో వెలువరించిన సిద్ధాంత గ్రంథంలో అది ఒక వికాస దశ పేరుగా స్థిరపడింది. స్థూలంగా ఆ దశ క్రీ.పూ. 8000 నుంచి క్రీ.పూ. 1000 వరకు సాగింది. హిమయుగపు మహాజంతువులు అంతరించిన తరువాత, కుండల తయారీ, సాగు విస్తృతం కావడానికి ముందు ఉన్న సుమారు ఏడు వేల సంవత్సరాల కాలమిది. దీనిని తొలి, మధ్య, మలి అని మూడు భాగాలుగా విభజిస్తారు.

ఈ విభజనలోనే ఒక చిక్కు దాగి ఉంది. లేనివాటిని బట్టి పేరు పొందిన కాలం ఒక నిరీక్షణగా, వ్యవసాయానికి ముందరి ఖాళీగా కనిపిస్తుంది. జోసెఫ్ కాల్డ్‌వెల్ 1958లో ఈ ధోరణిని సవరిస్తూ, అడవి వనరులను వాడుకోవడంలో ఆ ప్రజలు క్రమంగా నైపుణ్యం సాధించారని, ఆ సమర్థతే వారి చరిత్రకు సారమని ప్రతిపాదించాడు. ఆ ప్రతిపాదన ఆకర్షణీయమైనదే. కానీ దానిని పరీక్షించాలంటే వారు ఏమేమి, ఏ ఋతువులో, ఎంత మేరకు తిన్నారో తెలియాలి. అప్పటివరకు జరిగిన తవ్వకాలు అందుకు తగిన సామగ్రిని ఇవ్వలేదు.

తొలి తవ్వకాలు: పెద్ద ఎముకల సాక్ష్యం

కెంటకీ రాష్ట్రంలో గ్రీన్ నది ఒడ్డున ఉన్న ఇండియన్ నోల్ ఈ కాలానికి చెందిన నివాసాల్లో ప్రసిద్ధమైనది. 1915లో క్లారెన్స్ మూర్ అక్కడ తవ్వాడు. ఆర్థిక మాంద్య కాలంలో నిరుద్యోగులకు పని కల్పించేందుకు ఏర్పడిన వర్క్స్ ప్రోగ్రెస్ అడ్మినిస్ట్రేషన్ సహాయంతో విలియం వెబ్ 1939–40లో మళ్లీ తవ్వించాడు. వెబ్ వృత్తిరీత్యా భౌతికశాస్త్ర ఆచార్యుడు. ఆయన నివేదిక 1946లో వెలువడింది. రెండు తవ్వకాల్లోనూ కలిపి 1100కు పైగా మానవ సమాధులు బయటపడ్డాయి. ఆల్చిప్పల సున్నపు గుణం మట్టిలోని ఆమ్లాన్ని అణచడం వల్ల ఎముకలు చక్కగా నిలిచాయి.

ఆ తవ్వకాల లక్ష్యాలు సమాధులు, పనిముట్లు, పొరల క్రమం. మట్టిని పారతో తవ్వి, కంటికి కనిపించినవాటిని చేతితో ఏరడమే అప్పటి సాధారణ పద్ధతి. ఈ పద్ధతిలో జింక తొడ ఎముక తప్పిపోదు. చేప వెన్నుపూస, కప్ప కాలి ఎముక, పక్షి రెక్క ఎముక మాత్రం మట్టితోపాటే కుప్పలోకి పోతాయి. జంతు ఎముకల జాబితాలలో తెల్లతోక జింకదే తిరుగులేని ఆధిక్యం కావడంలో ఆశ్చర్యం లేదు. జింక ప్రధానాహారమన్న మాట అబద్ధం కాదు; తరువాతి పరిశోధనలు కూడా జింక ప్రాముఖ్యాన్ని ధ్రువీకరించాయి. కానీ దాని పక్కన ఏముందో చెప్పే ఆధారాలు అప్పటికే చేజారిపోయాయి.

మట్టి స్వభావం కూడా ఇలాంటి ఖాళీలనే సృష్టిస్తుంది. టెన్నెసీ రాష్ట్రంలో లిటిల్ టెన్నెసీ నదిపై టెల్లికో ఆనకట్ట నిర్మాణానికి ముందు, 1970లలో జెఫర్సన్ చాప్‌మన్ ఐస్‌హౌస్ బాటమ్ వంటి తొలి ఆర్కాయిక్ నివాసాలను పరిశోధించాడు. అక్కడి ఆమ్ల మృత్తికలో ఎముకలు సరిగా నిలవలేదు. కాలిన కాయ పెంకులు మాత్రం పుష్కలంగా దొరికాయి. ఒక లోయలో ఎముకలు మిగలడం, మరొక లోయలో పెంకులు మిగలడం వల్ల ఇరువురి భోజనాలు వేరని చెప్పడం తొందరపాటు అవుతుంది.

గాలింపు పద్ధతి – కోస్టర్ తవ్వకాలు

ఈ స్థితిని మార్చినది ఖరీదైన యంత్రం కాదు, నీటి తొట్టి. బియ్యాన్ని నీటిలో గాలించి రాళ్లను వేరుచేయడం తెలుగు ఇళ్లలో ఎరిగినదే. తవ్విన మట్టిని నీటిలో వేసి కలిపితే కాలిన గింజలు, పెంకులు పైకి తేలుతాయి. అడుగున సన్నని జల్లెడపై చిన్న ఎముకలు, రాతి పెచ్చులు మిగులుతాయి. వృక్షశాస్త్రవేత్త హ్యూ కట్లర్ సూచనతో స్టువర్ట్ స్ట్రూవర్ ఇల్లినాయి లోయలో ఈ పద్ధతిని పెద్ద ఎత్తున అమలుచేశాడు. 1968లో ఆయన ప్రచురించిన వ్యాసంతో అది అమెరికా అంతటా వ్యాపించింది.

ఇల్లినాయి రాష్ట్రం గ్రీన్ కౌంటీలో కోస్టర్ కుటుంబపు పొలంలో 1969 నుంచి 1978 వరకు జరిగిన తవ్వకం ఈ పద్ధతికి గొప్ప ప్రయోగశాల అయింది. నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయం తరఫున స్ట్రూవర్ నేతృత్వంలో సాగిన ఆ తవ్వకం 30 అడుగులకు పైగా లోతుకు చేరింది. నదీలోయ అంచున ఉన్న గట్టు మీదనుంచి కొట్టుకువచ్చిన మట్టి ప్రతి నివాసాన్నీ కప్పింది. ఫలితంగా జనం ఉన్న పొరకూ మరొక పొరకూ మధ్య ఉత్త మట్టి పట్టీలు ఏర్పడ్డాయి. ఒక కాలపు ఎముక మరొక కాలపు ఎముకతో కలవని ఇలాంటి చోటు అరుదు. సమీపంలోని క్యాంప్స్‌విల్ గ్రామంలో జంతు, వృక్ష, మృత్తిక పరిశోధనలకు ప్రయోగశాలలు నెలకొల్పడం వల్ల తవ్వకం సాగుతుండగానే విశ్లేషణ కూడా సాగింది.

తొలి, మధ్య ఆర్కాయిక్ పొరల ఎముకలను సారా న్యూసియస్ 1982లో తన సిద్ధాంత గ్రంథంలో విశ్లేషించారు. జింకతోపాటు చిన్న క్షీరదాలు, నీటిపక్షులు, తాబేళ్లు, చేపలు, ఆల్చిప్పలు అక్కడి ఆహారంలో భాగమని, మధ్య ఆర్కాయిక్ కాలానికి నీటి వనరుల వినియోగం మారిందని ఈ పరిశోధనల వల్ల తెలిసింది. చేపల్లో ప్రధాన ప్రవాహంలో కంటే నిలువ నీటి మడుగుల్లో బతికే జాతులు గమనించదగినవి. వసంతకాలపు వరద తగ్గినప్పుడు లోయలోని పల్లాల్లో చేపలు చిక్కుకుంటాయి. ఎండ ముదిరేకొద్దీ మడుగు కుదించుకుపోతుంది. అప్పుడు గాలం అక్కరలేదు. బుట్టలతో, వలలతో కొద్దిమంది కొద్ది రోజుల్లోనే పెద్ద మొత్తంలో పట్టవచ్చు. ఇది వేటగాడి ఒంటరి సాహసం కాదు. స్త్రీలు, పిల్లలు, వృద్ధులు అందరూ పాల్గొనదగిన సామూహిక శ్రమ. జింక ఎముకలు మాత్రమే దొరికినప్పుడు ఈ శ్రమ చరిత్రకు కనిపించలేదు.

లెక్కింపు సమస్యలు

ఎముకలు దొరికినంత మాత్రాన ఆహారం తెలిసిపోదు. గుర్తించిన ముక్కల సంఖ్యను లెక్కించడం ఒక పద్ధతి. మూలుగ కోసం పగలగొట్టిన ఒకే జింక ఎముకలు పదుల కొద్దీ ముక్కలుగా లెక్కకు రావచ్చు కనుక ఈ పద్ధతి జింక వాటాను పెంచుతుంది. కనీసం ఎన్ని జంతువులో లెక్కించడం రెండవ పద్ధతి. 1953లో థియోడర్ వైట్ దీనిని ప్రచారంలోకి తెచ్చాడు. ఏడు ఎడమ దవడలు దొరికితే జింకలు కనీసం ఏడు. అయితే ఈ లెక్కలో ఒకే ఎముకతో తెలిసిన చేప, ఏడాది పొడవునా తిన్న జంతువుల పక్కన సమాన స్థాయిలో నిలబడుతుంది. మాంసపు బరువు కట్టడం మూడవది. 50 కిలోల మాంసాన్నిచ్చే ఒక జింకకు సమానం కావాలంటే అరకిలో మాంసాన్నిచ్చే చేపలు నూరు కావాలి. మూడు పద్ధతులూ మూడు వేర్వేరు చిత్రాలనిస్తాయి.

జల్లెడ కన్ను కొలత ఈ మూడింటికీ ముందే తీర్పు చెబుతుంది. పావు అంగుళపు కన్నులున్న జల్లెడ నుంచి చిన్న చేపల ఎముకలు చాలావరకు జారిపోతాయి. కాబట్టి ఒక నివాసంలో చేపలు తక్కువ, మరొక నివాసంలో ఎక్కువ అని పోల్చే ముందు ఆ రెండుచోట్లా వాడిన జల్లెడలు ఒకటేనా అని అడగాలి. న్యూసియస్, బోనీ స్టైల్స్ తదితరులు భాగస్వాములైన ఈస్టర్న్ ఆర్కాయిక్ ఫానల్ వర్కింగ్ గ్రూప్ వేర్వేరు కాలాల్లో, వేర్వేరు పరిశోధకులు నమోదు చేసిన ఎముకల వివరాలను ఒకే డిజిటల్ భాండాగారంలో చేర్చి పోల్చే ప్రయత్నం చేసింది. ఆ పనిలో సేకరణ పద్ధతిని కూడా ఒక ప్రధాన అంశంగా పరిగణించవలసి వచ్చింది.

ఋతువుల ఆనవాళ్లు

ఎముకలు తిన్న కాలాన్ని కూడా చెప్పగలవు. తెల్లతోక జింక పిల్లలు వేసవి ఆరంభంలో పుడతాయి. పాలపళ్లు ఊడి కొత్తపళ్లు వచ్చే క్రమం తెలిసినదే కనుక చిన్న జింక దవడను బట్టి అది చచ్చిన నెలలను అంచనా వేయవచ్చు. మగజింక కొమ్ములు చలికాలంలో రాలుతాయి. పుర్రెకు అంటి ఉన్న కొమ్ము దొరికితే అది రాలే కాలానికి ముందే వేటాడినదని అర్థం. చేపల చెవిరాళ్లలో, ఆల్చిప్పల అంచుల్లో ఏటేటా ఏర్పడే వలయాలు చివరి ఋతువును చూపుతాయి. మిసిసిపీ నది వెంబడి వలసపోయే బాతులు శరత్తులోను, వసంతంలోను ఈ లోయల మీదుగా సాగుతాయి.

ఈ ఆనవాళ్లన్నీ కలిపి చూస్తే ఒక వార్షిక చక్రం రూపుకడుతుంది. వసంతంలో వలసపక్షులు, వేసవిలో మడుగు చేపలు, ఆల్చిప్పలు, శరత్తులో హికరీ కాయలు, కొవ్వుపట్టిన జింకలు, శీతకాలంలో నిలువచేసిన కాయలు, వేట. శీతకాలం చివర జింక చిక్కిపోతుంది. కొవ్వు లేని మాంసంతోనే మనిషి ఆరోగ్యంగా ఉండలేడు. ఆ సమయంలో కొవ్వు పుష్కలంగా ఉన్న హికరీ గింజల విలువ మాంసానికి తక్కువ కాదు. అందుకే జంతు అవశేషాలను వృక్ష అవశేషాలతో కలిపి చదవకుండా జీవనాధారం గురించి నిర్ణయించడం సాధ్యం కాదు.

ఆల్చిప్పల గుట్టలు: ఆహారమా, ఆచారమా?

చిన్న ఎముక కంటికి కనిపించక తప్పుదారి పట్టిస్తే, ఆల్చిప్ప అతిగా కనిపించి తప్పుదారి పట్టిస్తుంది. గ్రీన్ నది ఒడ్డున గుట్టలుగా పడి ఉన్న చిప్పలను చూసినవారు అదే వారి నిత్యాహారమని భావించడం సహజం. పాల్ పార్మలీ, వాల్టర్ క్లిపెల్ 1974లో మంచినీటి ఆల్చిప్పల పోషక విలువను పరిశీలించి, చిప్ప బరువుతో పోలిస్తే లోపలి మాంసం ఇచ్చే శక్తి చాలా తక్కువని, అది అనుబంధాహారం మాత్రమేనని వాదించారు. పారవేసిన దాని పరిమాణం తిన్నదాని పరిమాణానికి కొలమానం కాదన్నది ఈ వాదంలోని సారం.

ప్యాటీ జో వాట్సన్, విలియం మార్‌క్వార్ట్ 1970లలో ప్రారంభించిన పరిశోధన కార్ల్‌స్టన్ అనిస్ తదితర గుట్టలను గాలింపు పద్ధతితో పరీక్షించింది. చిప్పలతోపాటు అక్కడ చేరిన కాయ పెంకులు, గింజలు, ఎముకలు వాటిని జనం నివసించిన చోట్లుగా చూడడానికి బలమిచ్చాయి. షెరిల్ క్లాసెన్ దీనికి భిన్నంగా ఆలోచించారు. వందల సమాధులున్న ఈ గుట్టలు రోజువారీ చెత్త కాదని, మృతుల స్మరణలో జరిగిన విందుల ఫలితమని ఆమె వాదించారు. ఈ వివాదం ఇంకా ముగియలేదు. ఒకే గుట్ట ఇల్లూ, వల్లకాడూ కూడా కావడం అసంభవం కాదు. చనిపోయినవారిని బతికున్నవారికి దూరంగా ఉంచాలన్న నియమం అన్ని సమాజాలకూ వర్తించదు.

ఆ సమాధుల్లో కుక్కలు కూడా ఉన్నాయి. కోస్టర్‌లో జాగ్రత్తగా పూడ్చిన మూడు కుక్కలు, సమీపంలోని స్టిల్‌వెల్ వద్ద దొరికిన మరొకటి సుమారు 10,000 సంవత్సరాల నాటివని 2019లో ప్రకటించిన కాలనిర్ణయం తేల్చింది. అమెరికా ఖండాల్లో విడిగా పూడ్చిన కుక్కల్లో అవి అత్యంత ప్రాచీనమైనవిగా పరిగణన పొందాయి. ఆర్కాయిక్ ప్రజలకు ఉన్న ఏకైక పెంపుడు జంతువు కుక్కే. జింక కొమ్ముతో బల్లెపు విసురుకర్ర కొక్కేలు, ఎముకతో సూదులు, గాలాలు, తాబేటి చిప్పతో గిలకలు చేసుకొన్నారు. ప్రతి ఎముకా భోజనపు మిగులు కాదన్న మెలకువ విశ్లేషకుడికి అవసరం.

నది మారినప్పుడు

నీటి వనరుల వైపు మొగ్గు ఎందుకు పెరిగిందన్న ప్రశ్నకు రెండు సమాధానాలున్నాయి. సుమారు 8500 నుంచి 5000 సంవత్సరాల క్రితం వరకు అమెరికా మధ్యభాగంలో వేడి, పొడి వాతావరణం ప్రబలింది. మెట్ట అడవులు పలచబడి, పచ్చికబయళ్లు విస్తరించి జనం లోయల్లోకి చేరవలసి వచ్చిందన్నది మొదటి సమాధానం. జేమ్స్ బ్రౌన్, రాబర్ట్ వియెరా 1983లో కోస్టర్ ఆధారాలతో మరొక కోణాన్ని ముందుకు తెచ్చారు. నది వేగం తగ్గి, ఒండ్రు నిలిచి, మడుగులు, పాతపాయలు ఏర్పడడంతో లోయ మునుపటి కంటే సంపన్నమైంది. కరువు తరిమినందుకు కాక, లోయ పిలిచినందుకు జనం అక్కడ స్థిరపడ్డారన్నది వారి భావం. మధ్య ఆర్కాయిక్ పొరల్లో కనిపించిన ఇళ్ల ఆనవాళ్లు ఎక్కువ కాలం ఒకేచోట ఉన్న జీవితాన్ని సూచిస్తాయి.

మిసిసిపీ లోయలోని మోడాక్ రాతిగుహ ఈ చర్చను మరింత సంక్లిష్టం చేసింది. 1950లలో అక్కడ తవ్విన మెల్విన్ ఫౌలర్, సాధారణ వేట–సేకరణ నుంచి స్థానిక వనరులపై ప్రత్యేక నైపుణ్యం వైపు సాగిన క్రమాన్ని చూశాడు. 1980లలో ఇల్లినాయి రాష్ట్ర మ్యూజియం తరఫున స్టైల్స్ తదితరులు సన్నని జల్లెడలతో మళ్లీ తవ్వినప్పుడు, గుహ వినియోగమే కాలానుగుణంగా మారిందని తెలిసింది. ఒక దశలో అది ఇల్లు, మరొక దశలో వేట మజిలీ. ఒక చోట కనిపించే ఆహారపు మార్పు మొత్తం సమాజపు మార్పు కాకపోవచ్చు. ఆ చోటు పాత్ర మారి ఉండవచ్చు.

వ్యవసాయం వైపు చూస్తే ఈ పరిశీలన మరింత విలువైనది. సుమారు 5000 నుంచి 3800 సంవత్సరాల క్రితం మధ్య ఇక్కడి ప్రజలే గుమ్మడి జాతి తీగను, పొద్దుతిరుగుడును, మరికొన్ని గింజమొక్కలను మచ్చిక చేసుకొన్నారు. అయినా వేల ఏళ్లపాటు చేపలు, జింకలు, కాయలే వారికి ఆధారం. సాగు తెలియక వారు ఆగలేదు. తెలిసినా దానిని ఒక చిన్న తోడుగానే ఉంచుకొన్నారు. కెంటకీలోనే తరువాతి కాలపు మొక్కజొన్న రైతుల గ్రామమైన హార్డిన్ విలేజ్ అస్థిపంజరాలను ఇండియన్ నోల్ వాటితో క్లెయిర్ కాసిడీ పోల్చారు. పళ్ల పుచ్చు, పోషకాహార లోపం రైతుల్లోనే ఎక్కువ. ఇండియన్ నోల్‌లో ఎదుగుదల క్రమబద్ధంగా ఆగిన గుర్తులున్నాయి. అవి బహుశా శీతకాలాంతపు స్వల్ప ఆహార కొరతవి. అంటే అది స్వర్ణయుగం కాదు, లేమి యుగమూ కాదు. ఏటేటా వచ్చే కష్టాన్ని ఎరిగి, దాటుతూ వచ్చిన జీవితమది.

తెలుగునేలకు వర్తింపు

ఈ పాఠం దక్కను పురాచరిత్రకు కూడా పనికివస్తుంది. ఇక్కడి జంతు అవశేషాల అధ్యయనం కొత్తది కాదు. 1880లలో రాబర్ట్ బ్రూస్ ఫుట్, ఆయన కుమారుడు హెన్రీ కర్నూలు ప్రాంతంలోని బిల్లసర్గం గుహల్లో తవ్వగా, ఆ ఎముకలను లిడెకర్ పరిశీలించాడు. 1957లో ఆల్చిన్ అప్పటి మహబూబ్‌నగర్ జిల్లాలోని ఉట్నూరు బూడిదకుప్పను తవ్వి, అది కాలిన పశువుల పేడ అని, ఆ చోటు నవీనశిలాయుగపు పశువుల దొడ్డి అని నిరూపించాడు. పశువు సాక్ష్యం అంత బలంగా నిలిచిన చోట చేప, పక్షి, గింజ మరుగునపడే అవకాశం ఎక్కువ. గాలింపు పద్ధతి దక్షిణ దక్కనుకు చేరిన తరువాత డోరియన్ ఫుల్లర్, రవి కోరిశెట్టర్, పి. సి. వెంకటసుబ్బయ్య తదితరులు కొర్రజాతి చిరుధాన్యాలు, పెసలు, ఉలవలు ఇక్కడి నవీనశిలాయుగ ఆహారంలో భాగమని చూపగలిగారు. కృష్ణా, తుంగభద్ర తీరాల పాత నివేదికల్లో ఒక జీవి పేరు లేకపోతే అది లేదనడానికి ముందు మట్టిని ఎలా వడపోశారో చూడడం అవసరం.

ఉపసంహారం

ఆర్కాయిక్ నదీలోయల అధ్యయనం నుంచి మూడు అంశాలు తేలుతున్నాయి. మొదటిది, ఆహారచరిత్రలో లేమిని నిరూపించడం ఉనికిని నిరూపించడం కంటే కష్టం. దొరకనిది తినలేదని చెప్పడానికి సేకరణ పద్ధతి అనుమతించాలి. రెండవది, పరిమాణం ప్రాధాన్యానికి గుర్తు కాదు. గుట్టగా పడిన ఆల్చిప్ప కంటే జల్లెడ అడుగున మిగిలిన చేప ఎముక ఎక్కువ చెప్పవచ్చు. మూడవది, వ్యవసాయం లేని కాలాన్ని వ్యవసాయానికి పీఠికగా మాత్రమే రాసే అలవాటును ఈ సాక్ష్యం నిలదీస్తుంది.

ఈ సామగ్రి కేవలం ఎముకల లెక్క కాదన్నది కూడా విస్మరించరానిది. ఇండియన్ నోల్ గుట్టలో దొరికినవి ఒక జాతి పూర్వీకుల సమాధులు. 1990లో అమెరికా చేసిన చట్టం ఆదివాసుల పూర్వీకుల అవశేషాలను వారి వారసులకు తిరిగి అప్పగించే బాధ్యతను సంస్థలపై ఉంచింది. దానితో తవ్వకం మరింత మెలకువను కోరే పని అయింది. ఒకసారి తవ్విన పొరను మళ్లీ తవ్వడం సాధ్యం కాదు. ఆనాటి జాలరుల, కాయలు ఏరినవారి శ్రమ చరిత్రలోకి రావడమో, రాకపోవడమో ఆ ఒక్కసారి వాడిన జల్లెడపైనే ఆధారపడి ఉంటుంది.